దాటేసిన మధ్యాహ్నం: విజయవాడలో ఒక తల్లి దుఃఖం, ఒక కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయడానికి ఆమె రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. గోప్యత ఆమెకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. అందుకే ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. మారుపేరు పెట్టనా అని అడిగితే, "ఇంకెవరి పేరో ఎందుకు మేడమ్, ఆమె అని రాయండి, చాలు" అన్నారు. అలాగే రాస్తున్నాను.

ఆమెకు 43 ఏళ్ళు. అజిత్ సింగ్ నగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, కింది పోర్షన్. ఇంట్లోనే మిషన్ కుడతారు. భర్త ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్. కొడుకు డిప్లొమా చదువుతున్నాడు. 2025లో సంక్రాంతి వెళ్ళాక ఒక జనరల్ ఫిజీషియన్ ఆమెకు చీటీ రాసిచ్చి సూర్యారావుపేటలోని మా క్లినిక్‌కి పంపారు. నిద్ర లేదు, గుండె దడ, చేతుల వణుకు. ఈసీజీ, థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మల్ అని మాత్రమే ఉంది అందులో. ఆమె చెప్పిందీ అదే. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని, ఒప్పుకున్న ఆర్డర్లు వెనక్కి ఇచ్చేస్తున్నానని అన్నారు. ఎప్పటి నుంచి అంటే, "బుడమేరు వచ్చినప్పటి నుంచి."

2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు వాగు పొంగింది. డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడి, సెప్టెంబర్ 1 ఆదివారం సింగ్ నగర్ వైపంతా నీళ్ళు కమ్మేశాయి. రోజుల తరబడి అక్కడి జనం మేడల మీదే ఉన్నారు. పడవల్లో, హెలికాప్టర్లలో, డ్రోన్లతో ఆహారం పంపారు. నీళ్ళు తీశాక ఇళ్ళల్లో బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. ఆ తర్వాత నెలల్లో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది వరద భయంతోనే వచ్చారు. వాన చప్పుడు వింటే లేచి కూర్చోవడం, పిల్లల్ని కింద పడుకోనివ్వకపోవడం, సర్టిఫికెట్లు ఎప్పుడూ సంచిలో పెట్టుకుని ఉండడం లాంటివి.

ఈమెలో అలాంటివేమీ లేవు. ఇంటి ఓనర్ వాళ్ళ వాటాలోకి ఎక్కడం, పాల ప్యాకెట్ల కోసం తాడు కట్టి బకెట్ దింపడం, ఇవన్నీ మామూలుగా చెప్పుకుపోయారు. ఏమేం పోయాయని అడిగాను. ఫ్రిజ్జు, పరుపులు, మిషన్ మోటారు, ఖాతాదారుల బట్టలు అని ఒక్కొక్కటీ చెప్పి, "బీరువా కింది అర" అని ఆగారు. అరలో ఏమున్నాయో చెప్పలేదు. చేతులు అప్పుడు వణికాయి.

ఆ అరలో ఉన్నవి కూతురి వస్తువులు. పాప 2019లో, దసరా వెళ్ళాక, డెంగీతో చనిపోయింది. పదకొండేళ్ళు, ఆరో తరగతి. యూనిఫాం, జామెట్రీ బాక్సు, సగం కుట్టిన పరికిణీ, ఇంకా అమ్మ ఖాతాదారుల కొలతలన్నీ పాప తన చేత్తో రాసిపెట్టిన నోటు పుస్తకం అందులో ఉండేవి. ఐదేళ్ళలో ఆమె ఆ అర ఒక్కసారీ తెరవలేదు. వరద తీశాక సాయానికి వచ్చిన బంధువులు బురదలో నానినవన్నీ రోడ్డు మీద కుప్ప పోస్తే మున్సిపాలిటీ ట్రాక్టర్ ఎత్తుకెళ్ళింది. ఎవరి తప్పూ లేదు. కుళ్ళిన పరుపుతోపాటు అవీ పోయాయి. "ఎప్పుడో ఒకప్పుడు ధైర్యం వచ్చాక చూద్దామనుకున్నా మేడమ్. ఇక చూడ్డానికి లేదు" అన్నారు.

నాకు అర్థమైన సమస్య

డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 18 వచ్చింది. మోస్తరు దాటి తీవ్రానికి దగ్గర. అయితే అసలు సమస్య డిప్రెషన్ ఒక్కటే కాదు. పాప పేరు ఇంట్లో ఎవరూ పలకరు. పాప చదివిన స్కూలు ఉన్న వీధి తప్పించి ఆమె చుట్టూ తిరిగి వెళతారు. రోజులో ఎక్కువసేపు మనసు అక్కడే ఉంటుంది, కానీ అక్కడున్నట్టు ఎవరికీ తెలియనివ్వరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలుచేస్తున్న జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో దీనికి ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్, అంటే ఎడతెగని దుఃఖం, అని పేరుంది. మరణం జరిగి ఆరు నెలలు దాటినా, ఆ సమాజంలో మామూలనుకునే హద్దును మించి దుఃఖం మనిషి జీవితాన్ని ఆపేస్తే ఆ నిర్ధారణ చేస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పెద్దవాళ్ళకు ఏడాది గడువు పెట్టింది. ఈమె విషయంలో ఐదేళ్ళు దాటింది.

బిడ్డ పోయిన తల్లికి దుఃఖం ఉంటే అది జబ్బెలా అవుతుందని అడిగేవాళ్ళున్నారు. ఆ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. దుఃఖం జబ్బు కాదు. దుఃఖానికి కదలడానికి చోటు లేకుండా పోయినప్పుడు మాత్రం వైద్యం అవసరమవుతుంది. ఈ ఇంట్లో చోటు లేకపోవడానికి ఒక కారణం ఆమె మాటల్లోనే దొరికింది. పెళ్ళికాని పిల్లలకు తద్దినాలు ఉండవని అత్తగారు చెప్పారట. పెద్దవాళ్ళు పోతే ఏడాదికొక రోజు ఉంటుంది. ఆ రోజు ఏడవచ్చు, వాళ్ళకిష్టమైనవి వండవచ్చు, వాళ్ళ గురించి మాట్లాడుకోవచ్చు. పాపకు ఆ రోజు కూడా లేదు.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. "దాని దగ్గరికి పోతే బాగుండు అనిపిస్తుంది" అన్నారు. ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నారా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడేవాళ్ళు చాలామంది. పుట్టదు, అడిగితే బరువు దిగుతుంది. ఆమెకు పథకమేదీ లేదు. అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఫోనులో ఎక్కించి, అది రాత్రి పగలు ఎప్పుడైనా పలుకుతుందని, తెలుగులో మాట్లాడవచ్చని చెప్పాను. సైకియాట్రిస్టును కూడా కలిపాను. డిప్రెషన్‌కు మందు మొదలైంది. మందు ఒక్కటే చాలదా అని భర్త అడిగారు. అమెరికన్ సైకియాట్రిస్టు క్యాథరిన్ షియర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇలాంటి దుఃఖానికి ప్రత్యేక చికిత్స చేస్తూ మందు కలిపితే డిప్రెషన్ లక్షణాలు ఇంకా తగ్గాయి కానీ దుఃఖం విషయంలో మందు అదనంగా చేసిందేమీ పెద్దగా కనబడలేదు. ఆయనకు ఆ మాటే చెప్పాను.

చెప్పించడం

షియర్ పద్ధతి మామూలుగా పదహారు సెషన్లు. అందులో గట్టి భాగం, మరణం జరిగిన రోజును కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు వరసగా చెప్పడం. దాన్ని రికార్డు చేసి ఇంటికి పంపుతాం, రోజూ వినమంటాం. ఇది అందరికీ చేసే పని కాదు. ప్రాణం తీసుకునే ఆలోచన గట్టిగా ఉన్నవాళ్ళకు, తాగుడు అదుపులో లేనివాళ్ళకు, ఇంట్లో ఇప్పుడే దెబ్బలు తింటున్నవాళ్ళకు ముందు చేయాల్సినవి వేరే ఉంటాయి. ఏడిస్తే బరువు తగ్గుతుందని మనిషిని కూర్చోబెట్టి ఏడిపించడం కూడా కాదు. చెప్పేటప్పుడు బాధ నూటికి ఎంతో మధ్యమధ్యలో అడుగుతూ, తిరిగి ఈ గదిలోకి, ఈ రోజులోకి తీసుకొచ్చి, ఈ వారం ఏం చేయబోతున్నారో మాట్లాడుకుని పంపాలి. దుఃఖం మీద పరిశోధన చేసిన సైకాలజిస్టులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పింది కూడా ఇదే: మనిషి పోయినవారి వైపుకీ బతుకు వైపుకీ అటూ ఇటూ తిరుగుతూ ఉంటేనే దుఃఖం సాగుతుంది, ఏ ఒక్క వైపే ఉండిపోయినా కష్టం.

రికార్డింగ్ వినడానికి రెండు గదుల ఇంట్లో చోటేది? మిషన్ కుడుతూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటానన్నారు. వద్దన్నాను. చేతులు పనిలో ఉంటే చెవి మధ్యమధ్యలో తప్పించుకుంటుంది. భర్త షెడ్డుకు వెళ్ళాక మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని వినడానికి కుదిరింది. విన్నాక వెంటనే పైవాటా ఆవిడతో కాఫీ తాగాలి. అది కూడా చికిత్సలో భాగమే.

ఆమె చెప్పిన కథ ఇది. జ్వరం మొదలయ్యాక ఆర్ఎంపీ డాక్టరు మాత్రలిచ్చారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు కొద్దిగా తగ్గాయన్నారు. ఆమె బొప్పాయి ఆకు రసం, కొబ్బరినీళ్ళు పట్టించారు. ఐదో రోజు పొద్దున జ్వరం లేదు. పాప ఇడ్లీ తిన్నది, టీవీ చూసింది. సాయంత్రం దీపం పెట్టే వేళకు పాప చేతులు చల్లగా ఉన్నాయి. ఆటో, ఆసుపత్రి, ఐసీయూ. తెల్లవారకముందే అయిపోయింది.

ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస, దాదాపు ఇవే మాటలు. టీవీ తర్వాత దీపం వేళ. ఐసీయూ దగ్గర బాధ నూటికి తొంభై అనేవారు, వారం వారం అది కొంచెం దిగింది. ఇంట్లో నిద్ర మాత్రం రాలేదు, వణుకు తగ్గలేదు. భారం ఉన్నచోట మనం లేము అనిపించింది. ఆ రోజులో ఒక మధ్యాహ్నం మొత్తం కనబడటం లేదు.

"ఎందుకు దాటేస్తున్నారు" అని అడిగితే తలుపు మూసుకుంటుంది. అందుకని వస్తువుల గురించి అడిగాను. ఆ రోజు అన్నంలోకి ఏం చేశారు? బీరకాయ పప్పు. మీరెక్కడ కూర్చున్నారు? మిషన్ దగ్గర. ఏం కుడుతున్నారు? పెళ్ళివాళ్ళ జాకెట్లు. ఏ రంగు? "ముదురాకుపచ్చ. ఎరుపు అంచు." ఇక నేనేమీ అడగలేదు.

"'అమ్మా, కడుపులో నొప్పిగా ఉందమ్మా' అంది. హుక్కులు కుడుతున్నా. 'ఊరికే విసిగించకే, ఇవి ఇచ్చేస్తే డబ్బులొస్తాయి' అన్నా. మళ్ళీ పిలవలేదు మేడమ్. నేను కసిరాననే మళ్ళీ పిలవలేదు."

ఐదేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి ఆలస్యమైందని ఆమె బాధపడుతున్నారనుకుని ఇంటిల్లిపాదీ "నీ తప్పేం లేదు, డాక్టరే కనిపెట్టలేకపోయాడు" అంటూ వచ్చారు. ఆ ఓదార్పు ఆమె మోస్తున్న నేరానికి తగలనే లేదు. నేను ఓదార్పుకు వ్యతిరేకిని కాను. కానీ మనిషి తనమీద మోపుకున్న అభియోగం ఏమిటో వినకుండా నిర్దోషి అని తీర్పు చెబితే, ఆ తీర్పు లోపలికి దిగదు. "వీళ్ళకు అసలు సంగతి తెలిస్తే ఇలా అనరు" అనే మాట లోపల మిగిలిపోతుంది.

కాగితం మీద రెండు వరసలు

ఇక్కడ డెంగీ గురించి కొంత చెప్పాలి. ఆమెకు చెప్పాను, చదివేవాళ్ళకూ అవసరం. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతుంది. మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, ఒళ్ళు చల్లబడుతుండగా, సన్నని రక్తనాళాల నుంచి రక్తంలోని ద్రవం (ప్లాస్మా) బయటికి కారిపోవచ్చు. ఒకటి రెండు రోజులు సాగే ఆ దశలోనే బీపీ పడిపోతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా ఉండడం హెచ్చరికలు. అవి కనిపిస్తే ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేయకూడదు. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. ఇదంతా తెలియని ఇంట్లో, జ్వరం తగ్గిన పిల్ల కోలుకుంటోందనే అనుకుంటారు. ఎవరైనా అనుకుంటారు.

ఒక తెల్లకాగితం మీద గీత గీశాం. ఎడమవైపు, ఆ మధ్యాహ్నం ఆమెకు తెలిసినవి. కుడివైపు, తర్వాత తెలిసినవి. ఫలితం తెలిశాక, అది ముందే తెలిసి ఉండాల్సిందని మనసు నమ్మిస్తుంది. సైకాలజిస్టు బరూక్ ఫిష్‌హాఫ్ 1975లో ప్రయోగాల్లో చూపించిన సంగతి ఇది. తెలివైనవాళ్ళకైనా తప్పదు. "జ్వరం తగ్గింది" ఎడమవైపు రాశారు. "జ్వరం తగ్గాకే ప్రమాదం" కుడివైపు. కడుపునొప్పి దగ్గర చాలాసేపు ఆగారు. చివరికి "నొప్పి అంది" అని ఎడమవైపు, "ఆ నొప్పి దేనికో" అని కుడివైపు రాశారు. ఈ విభజన నేను చెప్పింది కాదు, ఆమే చేశారు.

మిగిలింది "కసిరాను" అనే మాట. దాన్ని ఎడమవైపే ఉంచాం. ప్రతి తల్లీ విసుక్కుంటుందిలే అని నేను తుడిచేయలేదు, ఎందుకంటే ఆమె నిజంగానే కసిరారు. అది జరిగింది, దాన్ని తలుచుకుంటే నొప్పి పుడుతుంది, పాప ప్రాణం పోయింది మాత్రం దానివల్ల కాదు. ఈ మూడూ ఒకేసారి నిజం. తనను తాను ఒప్పుకోవడం అనే మాట ఈ రోజుల్లో బాగా వినబడుతోంది. ఎక్కువగా "నేను మంచిదాన్ని" అని అద్దం ముందు చెప్పుకోవడంగా వినబడుతోంది. ఈమెకు అది పనికిరాదు. కసిరిన అమ్మా, ఐదు రోజులు నిద్రలేకుండా తడిగుడ్డ వేసిన అమ్మా ఒక్కరే అని ఆమె చూడగలగాలి. ఒకరి కోసం ఇంకొకరిని దాచకుండా చూడగలగాలి.

తర్వాత ఖాళీ కుర్చీ పెట్టి, పాపతో మాట్లాడమన్నాను. పోయినవారితో ఊహలో మాట్లాడించడం కూడా షియర్ చికిత్సలోదే. ముందు తాను మాట్లాడి, ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చుని పాపలా జవాబు చెప్పాలి. కసిరినందుకు క్షమించమని అడిగారు. అటు మారి కూర్చుని, చాలాసేపటికి, పిల్ల గొంతుతో "మరి డబ్బులిచ్చారా ఆంటీ వాళ్ళు?" అన్నారు. అని తానే నవ్వేశారు. ఏడుపూ అప్పుడే వచ్చింది. "అది అట్లాగే అడుగుతుంది మేడమ్. లెక్కలన్నీ దానికే కావాలి." చనిపోయిన పాప గురించి కాకుండా బతికున్న పాప గురించి ఆమె మాట్లాడటం అక్కడ మొదలైంది. ఎవరి జాకెట్టుకు ఎంత అడ్వాన్సు ఇచ్చారో పాపకు నోటికి వచ్చేదట. కొలత తప్పు చెబితే "నిరుడు ముప్పై ఆరు ఆంటీ" అని ఖాతాదారులతోనే వాదించేదట.

బీరువా అరలోవి మిగలలేదు కాబట్టి, మామూలుగా చేయించేలా వస్తువులను ముట్టుకోవడం కుదరలేదు. దానికి బదులు, అరలో ఏమేమి ఉండేవో వరసగా జాబితా రాయమన్నాను. ఎక్కువ గుర్తుండవనుకున్నారు. పెన్సిల్ డబ్బా మీద గీసిన ముగ్గుతో సహా అన్నీ గుర్తున్నాయి.

భర్త

ఆయన్ని రమ్మన్నాం. షెడ్డు నుంచి నేరుగా, చేతులకు నల్లటి మరకలతో వచ్చారు. మొదట మాట్లాడలేదు. భార్య ఆ మధ్యాహ్నం సంగతి ఆయన ముందు చెప్పారు. నా ముందు చెప్పడంకంటే అది ఎక్కువ కష్టం. ఆయన తలవంచుకుని, "పెద్దాసుపత్రికి పోదామని ముందురోజే నువ్వన్నావు. రేపు చూద్దాంలే అన్నది నేను" అన్నారు. ఆమెకు ఆ మాట గుర్తే లేదు. ఆయన మాత్రం ఐదేళ్ళుగా మోస్తున్నారు. పాప పోయిన తేదీన ఏటా షెడ్డుకు వెళ్ళడం లేదని, కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్‌కు వెళ్ళి సాయంత్రం దాకా కూర్చుంటున్నారని అప్పుడే బయటపడింది. ఆయన పనికి వెళ్ళారని ఆమె అనుకునేవారు. ఒక ఇంట్లో ఇద్దరు, ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుని, ఎవరి దుఃఖంలో వాళ్ళు ఒంటరిగా ఉండిపోయారు. మగవాళ్ళను "నువ్వు ధైర్యంగా ఉండాలి, ఇంటికి పెద్దవు" అని పదే పదే అనేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

తద్దినం లేకపోతేనేం, ఒక రోజు పెట్టుకుంటామని ఇద్దరూ అనుకున్నారు. పోయిన తేదీ కాకుండా పుట్టినరోజు ఎంచుకున్నారు. ఆ రోజు పాపకిష్టమైన సేమ్యా పాయసం చేసి, ముగ్గురూ కూర్చుని పాప గురించి మాట్లాడుకున్నారు. అత్తగారికి ముందు నచ్చలేదు. తర్వాత ఆవిడే, మనవరాలు తన కళ్ళజోడు దాచేసిన కథ చెప్పారట.

ఇప్పటి స్థితి

చికిత్స ముగిసేసరికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 8కి వచ్చింది. నిద్ర పడుతోంది, మధ్యలో లేచినా మళ్ళీ పడుకోగలుగుతున్నారు. మందు సైకియాట్రిస్టు పర్యవేక్షణలో కొనసాగుతోంది. తొందరపడి ఆపొద్దని ఇద్దరం చెప్పాం. స్కూలు వీధిలోంచి నడిచి వెళ్ళారు. మొదటిసారి పైవాటా ఆవిడ తోడుగా, తర్వాత ఒక్కరే. మిషన్ పని మళ్ళీ మొదలైంది. హుక్కులు మాత్రం ఇంకా వేరే అమ్మాయితో కుట్టిస్తున్నారు. దాన్ని మార్చాలని నేను పట్టుబట్టలేదు. ఆమెకు ఆ పని చేయాలని ఉంటే చేస్తారు, లేకపోతే ఆ అమ్మాయికి ఆదాయం.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కష్టంగా ఉంటుందని ముందే మాట్లాడుకున్నాం. వాన, బుడమేరు, డెంగీ జ్వరాలు, పాప పోయిన తేదీ, అన్నీ ఆ మూడు నెలల్లోనే వస్తాయి. ఆ నెలల్లో బాగుందనిపించినా నెలకోసారి రమ్మన్నాను. కొడుకు ఇంతవరకు రాలేదు. ఆ మధ్యాహ్నం తాను క్రికెట్‌కు వెళ్ళిపోయానని అమ్మతో మాత్రం ఒకసారి అన్నాడట. బలవంతపెట్టొద్దని, అడిగితే నా నంబరు ఇవ్వమని ఆమెకు చెప్పాను.